స్వాధ్యాయం నుంచి సభ వరకు: అత్తిలి సీమ విద్యాచరిత్రలో స్వీయ నియంత్రిత అధ్యయనం

ఉపోద్ఘాతం

విద్యార్థి తన చదువుకు తానే లక్ష్యం ఏర్పరచుకోవడం, ఆ లక్ష్యం వైపు తన కాలాన్నీ మనస్సునూ మలచుకోవడం, ఎంత వచ్చిందో ఎంత రాలేదో తానే తూచుకోవడం అనే మూడు పనులను కలిపి ఆధునిక విద్యా మనోవిజ్ఞానం స్వీయ నియంత్రిత అధ్యయనం అంటున్నది. 1980ల నుంచి ఈ విషయం మీద విస్తృతంగా పరిశోధన సాగింది. బ్యారీ జిమ్మర్‌మన్ దీనిని ముందుచూపు, ఆచరణ, ఆత్మపరిశీలన అనే మూడు దశల వలయంగా వివరించారు. ఒక పని తనకు సాధ్యమన్న నమ్మకం ఆ పనిలో పట్టుదలను నిర్ణయిస్తుందని ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించారు. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్‌లు స్వేచ్ఛ, సామర్థ్యం, సాంగత్యం అనే మూడు అవసరాలు తీరినప్పుడే ప్రేరణ లోపలి నుంచి పుడుతుందన్నారు.

ఈ సిద్ధాంతాలను మన విద్యాచరిత్రకు అన్వయించే ప్రయత్నం తెలుగులో తక్కువ. గురుకుల విద్యను గురించి మనకు రెండు వాడుక అభిప్రాయాలున్నాయి. అది వల్లెవేతకూ విధేయతకూ మాత్రమే చోటిచ్చిన చదువని ఒకటి. గురువు కటాక్షంతో సర్వమూ సిద్ధించిన స్వర్ణయుగమని మరొకటి. పైకి విరుద్ధంగా కనిపించినా, విద్యార్థి చేసిన పనిని లెక్కలోకి తీసుకోకపోవడంలో ఈ రెండూ ఒక్కటే. మొదటి అభిప్రాయంలో అతడు చిలుక, రెండవదానిలో కేవలం పాత్ర. తన చదువును తాను నడుపుకునే వ్యక్తిగా రెండింటిలోనూ కనిపించడు.

ఈ వ్యాసం అత్తిలి పరిసర సీమను ఆధారంగా తీసుకొని ఆ విద్యార్థిని పరిశీలిస్తుంది. ఇక్కడ ప్రధాన ఉదాహరణ తిరుపతి వేంకట కవుల విద్యాభ్యాస దశ. స్వీయ నియంత్రణ పుట్టుకతో వచ్చే గుణం కాదనీ, ఒంటరిగా సాధించే తపస్సూ కాదనీ, గురువు చేతిలో ఉన్న అధికారం అంచెలంచెలుగా శిష్యుని చేతికి మారే ఒక ఏర్పాటనీ నిరూపించడం దీని ఉద్దేశం. ఈ పరిశీలనకు అవసరమైన పరిభాషను మన శాస్త్రమే ఇస్తున్నది. విద్య ఆగమకాలం, స్వాధ్యాయకాలం, ప్రవచనకాలం, వ్యవహారకాలం అనే నాలుగు దశలలో ఉపయుక్తమవుతుందని మహాభాష్యం తొలి ఆహ్నికంలోనే పతంజలి చెప్పాడు. గురువు నుంచి గ్రహించడం, తనంత తాను చదువుకోవడం, ఇతరులకు బోధించడం, లోకంలో ప్రయోగించడం అని వాటికి అర్థం. ఈ నాలుగింటిలో మొదటిది మాత్రమే గురువు చేతిలో ఉంది. మిగిలిన మూడూ విద్యార్థివే.

అత్తిలి సీమ: చదువు వెనుక అన్నం

అత్తిలి పేరు తూర్పు చాళుక్యుల నాటికే పాలనా విభాగానికి చెల్లింది. 10వ శతాబ్దిలో పాలించిన రెండవ అమ్మరాజు ఇచ్చిన కలుచుంబర్రు శాసనం ‘అత్తిలినాండు విషయాన్ని’ పేర్కొన్నది. ఆ విషయంలోని కలుచుంబర్రు గ్రామాన్ని సర్వలోకాశ్రయ జినభవనానికి చెందిన సత్రశాల నిమిత్తం జైనాచార్యుడైన అర్హనందికి దానం చేసినట్లు అందులో ఉంది. దానం చేయించినది పట్టవర్ధిక వంశానికి చెందిన చామెకాంబ. ఆమె అర్హనందికి శిష్యురాలైన శ్రావకి.

విద్యాచరిత్ర దృష్టితో చూస్తే ఈ శాసనంలో రెండు అంశాలు ముఖ్యమైనవి. దానం భోజనశాలకు సంబంధించినది కావడం మొదటిది. అధ్యయనానికీ ధర్మచింతనకూ జీవితాన్ని అంకితం చేసినవారికి అన్నపు చింత లేకుండా చేయడం సమాజం బాధ్యతగా గుర్తింపు పొందింది. ఆ బాధ్యతకు పూనుకున్నది ఒక శిష్యురాలు కావడం రెండవది. గురుశిష్య సంబంధంలో శిష్యస్థానం అంటే అందుకోవడం మాత్రమే కాదని ఈ శాసనం తెలుపుతున్నది.

ఈ తీరు తర్వాతి కాలంలోనూ వేరే రూపంలో కొనసాగింది. వారానికి ఏడు ఇళ్లు కుదుర్చుకొని రోజుకొక ఇంట భోజనం చేస్తూ చదువుకోవడాన్ని ‘వారాలు చేసుకోవడం’ అన్నారు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, అత్తిలి కాలువ వంటి పశ్చిమ డెల్టా కాలువల కింద వరి సాగు స్థిరపడిన తర్వాత ఈ సీమలోని పల్లెలకు పదిమంది విద్యార్థులను పోషించే శక్తి పెరిగింది. చదువుకునేవాని పట్టుదల గురించి మాట్లాడే ముందు ఆ పట్టుదలకు ఆధారమైన ధాన్యాన్ని గుర్తుంచుకోవాలి. పైగా వారాల పద్ధతి విద్యార్థికి ఒక నియమాన్ని కూడా నేర్పింది. ఏ ఇంటికి ఏ వేళకు వెళ్లాలో, పాఠం వేళకు ఎలా తిరిగి రావాలో, ఇంటివారి మనస్సు నొప్పించకుండా ఎలా మసలాలో అతడే చూసుకోవాలి.

ఆగమకాలం: లోపం లక్ష్యంగా మారిన తీరు

దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో అత్తిలికి నైరుతి దిక్కున, నేటి ఉండి మండలంలో ఉన్న యండగండిలో జన్మించారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లో గోదావరికి అవతల కడియంలో పుట్టి, యానాంలో పెరిగారు. వీరిద్దరినీ ఒకచోట చేర్చినది చర్ల బ్రహ్మయ్యశాస్త్రి పాఠం. తాడేపల్లిగూడెం చేరువలోని కడియెద్ద ఆ పాఠానికి వేదిక.

వేంకటశాస్త్రి అక్కడికి చేరడానికి దారితీసిన కారణం ప్రేరణ చరిత్రలో పరిశీలించదగినది. పద్దెనిమిదేళ్ల వయస్సులో ఆయన యానాం వేంకటేశ్వరస్వామి మీద శతకం చెప్పారు. అందులో వ్యాకరణ దోషాలున్నాయని పండితులు ఆక్షేపించారు. ఆ అవమానం ఆయనను వ్యాకరణం వైపు నడిపించింది. కాశీకి వెళ్లి శాస్త్రం చదవాలన్న సంకల్పం పుట్టింది. ఆర్థికమైన ఇబ్బంది అడ్డువచ్చినా సంకల్పం సడలలేదు. బ్రహ్మయ్యశాస్త్రి వద్ద చదువూ, కాశీ ప్రయాణమూ ఆ ఒక్క సంకల్పానికి రెండు ఫలితాలు.

విమర్శ పడిన ప్రతి యువకుడూ ఇలా చదువుకు పూనుకోడు. చాలామంది రచన మానుతారు, కొందరు విమర్శకుని నిందిస్తారు. ఇక్కడ విమర్శ చదువుగా మారడానికి అనుకూలించినవి రెండు. మొదటిది, ఆక్షేపణ నిర్దిష్టం కావడం. కవిత్వం రాదని కాక వ్యాకరణం తప్పిందని అన్నారు. అంటే సరిదిద్దుకోదగిన లోపం ఏదో తెలిసింది. రెండవది, ఆ లోపాన్ని సరిదిద్దే మార్గం అందరికీ తెలిసిన క్రమంలో సిద్ధంగా ఉండడం. శబ్దమంజరి, అమరకోశం, పంచకావ్యాలు, లఘుకౌముది, సిద్ధాంతకౌముది, ఆపైన శేఖరాలు, చివరకు భాష్యం అనే మెట్లలో తాను ఏ మెట్టున ఉన్నాడో, తర్వాతి మెట్టు ఏదో విద్యార్థికి ఎవరూ చెప్పనక్కరలేదు. జిమ్మర్‌మన్ ముందుచూపు దశ అని పిలిచినది ఈ తెలివిడే. లక్ష్యం మనస్సులోంచే పుట్టినా, దానికి రూపమిచ్చినది శాస్త్రక్రమం.

స్వాధ్యాయకాలం: కాలనియమం, సహాధ్యాయి

గురువు పాఠం చెప్పే సమయం రోజులో కొద్దిపాటిది. మిగిలిన కాలమంతా చింతనకే. పాఠం విన్నవాడు దానిని వల్లించి, సహాధ్యాయులతో కలిసి విచారించి, సందేహాన్ని స్పష్టమైన ప్రశ్నగా మలచుకొని మరునాడు గురువు ముందు ఉంచాలి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పర్వతిథులు అనధ్యయన దినాలు. ఆ రోజులలో కొత్త పాఠం లేదు. పక్షానికి కొన్ని రోజులు ఇలా కొత్త పాఠం ఆగడం వల్ల పాతది స్థిరపడడానికి అవకాశం కలిగింది. ఎడం ఇచ్చి మననం చేస్తే జ్ఞాపకం దృఢపడుతుందని ఆధునిక పరిశోధన ప్రయోగాలతో నిర్ధారించిన విషయాన్ని తిథినియమం ఆచారంగా నిలిపింది. ఆచారం పుట్టిన కారణం వేరైనా ఫలితం ఇదే.

ఇక సహాధ్యాయి. విద్యలో పాదం ఆచార్యుని నుంచి, పాదం స్వబుద్ధి వల్ల, పాదం తోటి విద్యార్థుల నుంచి, పాదం కాలక్రమాన లభిస్తుందని సంప్రదాయంలో ప్రసిద్ధమైన ఒక శ్లోకం భావం. ఆచార్యునికీ సహాధ్యాయికీ సమానమైన వాటా ఇవ్వడం ఇందులోని విశేషం. కడియెద్దలో ఈ మూడవ పాదం ఎంతటిదో జంటకవుల చరిత్ర నిరూపించింది. గురుకులంలో ఉండగా వినాయక చవితి ఉత్సవానికి చందాలు పోగుచేసే పనిలో ఇద్దరూ కలిశారు. వాదంలో తిరుపతిశాస్త్రికి ఉన్న పట్టు, సభలో పద్యం చదివి మెప్పించడంలో వేంకటశాస్త్రికి ఉన్న నేర్పు ఆ సందర్భంలో పరస్పరం తెలిసివచ్చాయి. పాఠంలో కాక పాఠం వెలుపల, గురువు ఆజ్ఞతో కాక తాము పూనుకున్న పనిలో ఈ గుర్తింపు కలగడం గమనించదగినది.

తన లోపం తనకు కనిపించకపోవడం స్వీయ నియంత్రణకు పెద్ద అవరోధం. తన బలంతో సాటిరాగల, తన బలహీనతను ఎరిగిన మిత్రుడు ఆ అవరోధాన్ని తొలగిస్తాడు. జంటకవులు ఎవరు చెప్పిన పద్యమైనా ఇద్దరి పేరుతోనే ప్రకటించారు. 1920లో తిరుపతిశాస్త్రి మరణించిన తర్వాత కూడా వేంకటశాస్త్రి జంటపేరునే కొనసాగించారు. దీనిని స్నేహధర్మంగా కీర్తించడం పరిపాటి. అధ్యయన దృష్టితో చూస్తే మరొక అర్థం కూడా స్ఫురిస్తుంది. తన పద్యాన్ని సహాధ్యాయి దృష్టితో చూసుకునే అలవాటు ఆయనలో అంతర్భాగమైపోయింది. బయటి పరీక్షకుడు లోపలి పరీక్షకుడుగా మారడం అంటే ఇదే.

వ్యవహారకాలం: అవధానమనే పరీక్ష

పతంజలి క్రమంలో ప్రవచనం తర్వాత వ్యవహారం వస్తుంది. జంటకవుల జీవితంలో వ్యవహారమే ముందు వచ్చింది. చదువు ముగించి సభకు వెళ్లడం కాక, సభల వల్ల చదువుకు పదును పెట్టుకోవడం వారి పద్ధతి.

అవధానం అనే మాటకు అర్థమే ఏకాగ్రత. అష్టావధానంలో నిషిద్ధాక్షరి, సమస్యాపూరణం, దత్తపది, వర్ణన, వ్యస్తాక్షరి, అప్రస్తుత ప్రసంగం వంటి అంశాలు ఒకదానిపై ఒకటి వచ్చిపడతాయి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునా ఒక అక్షరాన్ని నిషేధిస్తాడు. అవధాని అనుకున్న మాటను విడిచి, ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా మరొక మాటకు మళ్లాలి. అప్రస్తుత ప్రసంగి ఏకాగ్రతను భంగపరచడానికే కూర్చున్నవాడు. శతావధానంలో నూరుగురు పృచ్ఛకులకు ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చొప్పున నాలుగు ఆవృత్తులలో పద్యాలు పూర్తిచేసి, చివర ధారణలో అన్నిటినీ వరుసగా అప్పగించాలి. కాగితం లేదు, కలం లేదు.

దీనిని జ్ఞాపకశక్తి ప్రదర్శనగా మాత్రమే చూడడం పొరపాటు. ఇందులో పరీక్షకు నిలిచేది తన మనస్సు మీద తనకున్న అధికారం. ఏది ఎక్కడ నిలిపి ఉంచాడో, ఏది పూర్తికాలేదో, ఏ అంశానికి ఎంత కాలం ఇవ్వాలో అవధాని అనుక్షణం తనను తాను గమనించుకోవాలి. ఆచరణ దశలోని స్వీయ పర్యవేక్షణకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అరుదు. పైగా దోషం అక్కడికక్కడే బయటపడుతుంది. పృచ్ఛకుడు పండితుడు కావడం వల్ల ఆక్షేపణ కూడా నిర్దిష్టంగానే ఉంటుంది. యానాంలో యాదృచ్ఛికంగా జరిగిన విమర్శకు అవధాన సభ ఒక వ్యవస్థారూపం. ఒకనాడు బాధించిన ఆక్షేపణను కోరి ఎదుర్కొనే స్థితికి విద్యార్థి చేరడం ఇక్కడి పరిణామం. తనకు సాధ్యమన్న నమ్మకం ప్రశంస వల్ల కాక, కష్టమైన పనిని దాటిన అనుభవం వల్ల బలపడుతుందని బందూరా చెప్పినది ఈ పరిణామానికి సరిపోతుంది.

ప్రవచనకాలం: శిష్యుడు గురువైన వేళ

బందరు హిందూ హైస్కూలులో వేంకటశాస్త్రి తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు ఆయన శిష్యులు. ఈ పేర్ల జాబితాను గురువు ఘనతకు సాక్ష్యంగా చెప్పడం అలవాటు. అయితే ఈ శిష్యులలో ఒకరి మార్గం మరొకరిది కాదు. విశ్వనాథ సంప్రదాయ కావ్యంతో పాటు నవలను చేపట్టారు. పింగళి, కాటూరి జంటగా కావ్యం రచించినా, పింగళి సాహిత్య చరిత్రకు, విమర్శకు వెళ్లారు. వేటూరి తాళపత్ర పరిశోధనకు, అన్నమాచార్య సాహిత్య పరిష్కరణకు అంకితమయ్యారు. గురువును అనుకరించే శిష్యులు తయారుకాకపోవడమే ఆ ప్రవచనం సఫలమైందనడానికి గుర్తు. తన చదువును తాను నడుపుకోవడం నేర్చినవాడు బోధకుడైతే, విషయంతో పాటు ఆ నడుపుకునే తీరు కూడా శిష్యులకు అందుతుంది. 1949లో మద్రాసు ప్రభుత్వం వేంకటశాస్త్రిని ఆస్థానకవిగా నియమించింది.

వార్ధక్యంలో ఆయన రచించిన ‘కథలు–గాథలు’ ఈ ప్రవచనానికి కొనసాగింపు. గురువులను, సహాధ్యాయులను, సభలను, వివాదాలను స్మరిస్తూ తన విద్యాయాత్రను తానే విచారించుకున్న గ్రంథమది. జ్ఞాపకాల మీద ఆధారపడిన రచన కనుక తేదీల విషయంలో చరిత్రకారుడు జాగ్రత్త వహించాలి. కాని, ఒక విద్యార్థి తన చదువు ఎలా సాగిందో వెనుదిరిగి చూసుకున్న పత్రంగా దాని విలువ తగ్గదు. ఆత్మపరిశీలన దశ ఇక్కడ ఒక సాహిత్య ప్రక్రియగా రూపొందింది.

రెండు పరీక్షలు

ఇదే కాలంలో ఈ డెల్టాలో మరొక విద్యావ్యవస్థ వేళ్లూనుతున్నది. 1850ల నడుమ నరసాపురం సబ్ కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ చొరవతో నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో బడులు వెలిశాయి. గ్రామాల బడుల ఖర్చు కోసం శిస్తుతో పాటు కొంత మొత్తం చెల్లించడానికి రైతులు సమ్మతించారు. ఈ పద్ధతికి 1863 నాటి మద్రాసు విద్యాచట్టం చట్టబద్ధత కల్పించింది. తమ పిల్లల చదువుకు తామే సొమ్ము కట్టుకోవడానికి ముందుకు వచ్చిన ఈ రైతుల చొరవ కూడా ప్రేరణ చరిత్రలో భాగమే.

అయితే 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు రాజధానిలో అమలైన ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి చదువు దిశను మార్చింది. తనిఖీ అధికారి వచ్చి పిల్లలను చదవడంలో, రాయడంలో, లెక్కలలో పరీక్షిస్తాడు. ఎంతమంది గట్టెక్కితే పంతులుకు అంత సొమ్ము. ఈ పరీక్షకూ అవధాన సభకూ తేడా స్పష్టం. రెండూ బయటివారు పెట్టేవే, రెండింటిలోనూ జ్ఞాపకానికి ప్రాధాన్యం ఉంది. కాని, సభలో పరీక్షకు సిద్ధమయ్యేదీ ఫలం అనుభవించేదీ విద్యార్థే. తనిఖీలో విద్యార్థి వేరొకరి ఆదాయానికి సాధనం. లక్ష్యం అధికారిది, ప్రణాళిక పంతులుది, తీర్పు మళ్లీ అధికారిది. పిల్లవానికి మిగిలినది వల్లెవేత మాత్రమే. వల్లెవేత గురుకులంలోనూ ఉంది. అయితే అక్కడ అది ఒక మెట్టు, ఇక్కడ అదే గమ్యం.

పరిధులు, విస్తరణ

ఈ పరిశీలన గురుకులాన్ని ఆదర్శంగా నిలపడానికి కాదు. కడియెద్ద వంటి చోట్ల శాస్త్రపాఠం బ్రాహ్మణ పురుషులకే పరిమితం. వారాలు పెట్టిన ఇల్లాళ్లకు గాని, ఆ ధాన్యం పండించిన పాలేర్లకు గాని ఆ చదువులో చోటు లేదు. 10వ శతాబ్ది శాసనంలో శిష్యురాలిగా కనిపించిన చామెకాంబ స్థానం తర్వాతి శాస్త్రవిద్యలో మూసుకుపోయింది. స్వీయ నియంత్రణకు కావలసిన అన్నం, తీరిక, సహాధ్యాయి, సభ అనే నాలుగు వనరులూ కొందరికే దక్కాయి. మిగిలినవారికి లేనివి ఆ వనరులే గాని పట్టుదల కాదు.

ఆ వనరులను విస్తరించిన ప్రయత్నం కూడా ఈ సీమలోనే జరిగింది. అత్తిలికి దక్షిణాన, భీమవరం చేరువలోని కుముదవల్లిలో 1897లో భూపతిరాజు తిరుపతిరాజు చొరవతో వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం స్థాపితమైంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడడానికి 17 ఏళ్ల ముందే ఒక పల్లె తనకు గ్రంథాలయం సమకూర్చుకున్నది. గురువు అంగీకారం లేకుండానే పుస్తకం చేతికి రావడం స్వాధ్యాయానికి కొత్త అర్థం ఇచ్చింది. ఏది చదవాలో, ఎంత చదవాలో పాఠకుడే నిర్ణయించుకోగలడు. గురుకులంలో స్వాధ్యాయం ఆగమకాలం తర్వాత వస్తుంది. గ్రంథాలయంలో అది మొదటి దశే కావచ్చు. అయితే గ్రంథాలయం పుస్తకాన్ని ఇవ్వగలదు గాని లోపాన్ని నిర్దిష్టంగా చూపే పండితుని, సాటివచ్చే సహాధ్యాయిని తనంత తానుగా ఇవ్వలేదు. ఆ గ్రంథాలయం పేరులో ‘సమాజం’ అనే మాట ఉండడం ఈ దృష్టితో సార్థకం.

ముగింపు

అత్తిలి సీమ విద్యాచరిత్ర నుంచి తేలే అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు. ఒకటి, విద్యార్థి పట్టుదలకు భౌతికాధారం కావాలి. సత్రశాల నుంచి వారాల వరకు సమాజం దానిని సమకూర్చింది. రెండు, సరిదిద్దుకోదగిన లోపాన్ని నిర్దిష్టంగా చూపిన విమర్శ, తర్వాతి మెట్టును చూపిన శాస్త్రక్రమం కలిసినప్పుడే అవమానం లక్ష్యంగా మారుతుంది. మూడు, సహాధ్యాయి విద్యలో అలంకారం కాదు, ఆచార్యునితో సమానమైన పాదం. నాలుగు, పరీక్ష విద్యార్థిదైనప్పుడు స్వీయ నియంత్రణను పెంచుతుంది, ఇతరుల ప్రయోజనానికైనప్పుడు దానిని హరిస్తుంది.

ఈ చివరి అంశం నేటికి సంబంధించినది. 2020 జాతీయ విద్యావిధానం నేర్చుకోవడమెలాగో నేర్చుకోవాలని చెబుతున్నది. అదే సమయంలో తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు ప్రతి గంటా ఇతరులు నిర్ణయించిన నివాస కళాశాలల చదువు కోస్తా జిల్లాలలో సాధారణమైంది. అక్కడి విద్యార్థి ఎంతో శ్రమిస్తాడు. కాని లక్ష్యం, కాలం, తీర్పు అనే మూడింటిలో ఏదీ అతని చేతిలో లేదు. వాటిని ఏ దశలోనూ అతని చేతికి మార్చే ఏర్పాటు లేనప్పుడు, కళాశాల విడిచిన నాడు అతని చదువు ఆగిపోవడంలో వింత లేదు. తెలుగు శాఖలు ఈ మార్పును తమ తరగతులలోనే మొదలుపెట్టవచ్చు. పాఠం తగ్గించి చింతనకు కాలమివ్వడం, విద్యార్థులు జంటలుగా ఒకరి రచనను మరొకరు పరిశీలించడం, మార్కులతో నిమిత్తం లేని సభలలో తమ పనిని నిలబెట్టుకునే అవకాశం కల్పించడం అందుకు దారులు. పతంజలి చెప్పిన నాలుగు కాలాలలో మూడు విద్యార్థివి. వాటిని అతనికి తిరిగి ఇవ్వడం బోధకుల పని.